ఆటలో దయ, మానవుని స్వేచ్ఛ, విషాదాంతము

(పదవ తరగతి విద్యార్థి)

ఆటలు శరీరమునకు బలమును, మనస్సునకు ఉల్లాసమును కలిగించునని మనమందరము ఎరుగుదుము. పాఠశాల క్రీడోత్సవ దినమున పెద్దలు ఈ మాటనే ప్రతి సంవత్సరమును చెప్పుచుందురు. గెలుపోటములను సమానముగా స్వీకరింపవలెననియు బోధింతురు. ఈ రెండు మాటలును సత్యములే. కాని ఆటలు మనకు నేర్పగల మూడవ సంగతి ఒకటి కలదు. దానిని గూర్చి ఎవ్వరును అంతగా మాటలాడరు. అది దయ.

గెలువదలచి బరిలోనికి దిగినవాడు తన ప్రత్యర్థియెడల దయ చూపవచ్చునా? చూపినచో ఆట ఆటగా మిగులునా? చూపుటయు, చూపకుండుటయు నిజముగా అతని చేతిలోనున్నవా, లేక అంతయు విధివ్రాతయేనా? చూపవలసిన క్షణమున చూపక ఊరకున్నచో ఏమగును? ఈ ప్రశ్నలు నాకు పుస్తకము చదువునప్పుడు తోచినవి కావు. ఒక చెడుగుడు పందెమున తోచినవి. ఆ సంగతి చివర చెప్పెదను. ముందుగా విషయమును నాకు తెలిసినంతవరకు వివరించెదను.

నియమము వేరు, దయ వేరు

ప్రతి ఆటకును నియమములు కలవు. చెడుగుడులో కూత తెగినవాడు ఆట విడువవలెను. పరుగుపందెములో సంజ్ఞ వినకముందే కదలినవాడు తప్పు చేసినవాడగును. నియమము చేయరాని పనులను చెప్పును. చేయదగిన మంచిని చెప్పదు. క్రిందపడిన ప్రత్యర్థికి చేయి అందింపని వానిని ఏ అంపైరును శిక్షింపజాలడు. చేయి అందించిన వానికి ఒక్క పాయింటైనను ఇవ్వజాలడు. న్యాయము చూచుట అంపైరు పని. దయ ఆటగాని పని.

ఇచ్చట ఒక భ్రమను తొలగించుకొనవలెను. దయ యనగా కావలెనని ఓడిపోవుట కాదు. మా చిన్న తమ్మునితో గోళీలాడునప్పుడు నేను బుద్ధిపూర్వకముగా గురి తప్పినచో వానికి పట్టరాని కోపము వచ్చును. "నన్ను చిన్నవానిని చేసితివి" అని గోళీలు విసిరికొట్టును. వాని కోపము న్యాయమైనదే. కావలెనని ఓడుట ప్రత్యర్థిని తక్కువ చేయుట. దయ యనగా నాకు రాదగని లాభమును నేను గైకొనకుండుట. ఎదుటివాడును నావలెనే కష్టపడి, నావలెనే ఆశపడి వచ్చినవాడని మరువకుండుట. దీనికి ఉదాహరణముగా మన రాష్ట్రమునకు చెందిన ఒక ఆటగాని చరిత్రమునే తీసికొందము.

వెనుకకు పిలిచిన నాయకుడు

కర్ణాటకములోని భద్రావతిలో జన్మించిన గుండప్ప విశ్వనాథ్ పేరు క్రికెట్టు తెలిసినవారందరును విన్నదే. ఆయన భారత జట్టునకు నాయకత్వము వహించిన టెస్టు పందెములు రెండే రెండు. వానిలో రెండవది 1980 ఫిబ్రవరిలో బొంబాయి వాంఖెడే మైదానములో ఇంగ్లండుతో జరిగిన స్వర్ణోత్సవ టెస్టు. ఫిబ్రవరి 16వ తేదీన సూర్యగ్రహణ కారణమున ఆటకు విరామమిచ్చిరి.

ఆ పందెములో భారత జట్టు మొదట 242 పరుగులు చేసెను. ఇంగ్లండు 58 పరుగులకే 5 వికెట్లు కోల్పోయెను. అప్పుడు ఇయాన్ బోథమ్, బాబ్ టేలర్ అనువారు జంటగా నిలిచి ఆడుచుండిరి. కపిల్ దేవ్ వేసిన ఒక బంతి టేలర్ బ్యాటునకు తగిలి వికెట్ కీపరు చేతిలో పడినదని భారత ఆటగాండ్రు అడుగగా, అంపైరు వ్రేలెత్తి ఔటని నిర్ణయించెను. టేలర్ వెంటనే కదలలేదు. బంతి తన బ్యాటును తాకలేదన్న విస్మయము అతని ముఖమున కనబడుచుండెను. దగ్గరలో స్లిప్ స్థానముననున్న విశ్వనాథ్ కూడ అట్లే తలంచెను. ఆయన అంపైరు వద్దకు పోయి, తమ కోరికను విరమించుకొనుచున్నామని చెప్పి, టేలర్‌ను వెనుకకు పిలిచెను.

తరువాత జరిగినదేమి? ఆ జంట ఆరవ వికెట్టునకు 171 పరుగులు జోడించెను. టేలర్ 43 పరుగులు చేసెను. బోథమ్ 114 పరుగులు చేసెను. ఇంగ్లండు మొత్తము 296 పరుగులకు చేరెను. భారత జట్టు రెండవసారి 149 పరుగులకే కూలిపోయెను. ఇంగ్లండు 10 వికెట్ల తేడాతో గెలిచెను. మన ఓటమికి టేలర్‌ను పిలుచుట ఒక్కటే కారణమని అనజాలము. బోథమ్ ఆ ఒక్క పందెములోనే 13 వికెట్లు పడగొట్టెను. అయినను, పిలువకుండినచో ఆట మరియొక విధముగా నడిచియుండునేమో అన్న సందేహము మిగులును. విశ్వనాథ్ ఈ సందేహమును కొనితెచ్చుకొనియే పిలిచెను.

ఇందులో గమనింపదగిన సంగతి ఒకటి కలదు. క్రికెట్టు నియమముల ప్రకారము నాయకుడు అంపైరు అనుమతితో తన కోరికను విరమించుకొనవచ్చును. కాని దానికి గడువు కలదు. తరువాతి బంతి పడిన పిమ్మట పిలుచుటకు వీలులేదు. మంచి చేయుటకు లభించు కాలము అంత కొంచెము. ఈ గడువు మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

ఇట్టిదే మరియొక కథ 1987 అక్టోబరు 16వ తేదీన లాహోరులో జరిగెను. ప్రపంచకప్ పోటీలో పాకిస్తాన్ చివరి జంట ఆడుచుండెను. చివరి బంతి మిగిలెను. గెలుపునకు రెండు పరుగులు కావలెను. వెస్టిండీస్ బౌలరు కోర్ట్నీ వాల్ష్ పరుగెత్తి వచ్చుచుండగా, తన ప్రక్కనున్న బ్యాటరు సలీమ్ జాఫర్ తొందరపడి గీత దాటి ముందునకు పోయెను. వాల్ష్ అచ్చటనే వికెట్లు పడగొట్టియున్నచో అతడు ఔటు, వెస్టిండీసునకు గెలుపు. నియమము దానికి అనుమతించును. వాల్ష్ ఆ పని చేయలేదు. ఆగి, అతనిని హెచ్చరించి, తిరిగి వెళ్ళి బంతి వేసెను. పాకిస్తాన్ గెలిచెను. వెస్టిండీస్ సెమీఫైనలు చేరలేకపోయెను.

ఆగి వెనుకకు తిరిగిన పరుగుగాడు

ఈ ఇరువురకును ఆలోచించుటకు క్షణమైనను వ్యవధి లభించెను. వ్యవధియే లేనిచోట దయ చూపినవాడు ఒకడు కలడు. అతడు ఆస్ట్రేలియా దేశస్థుడైన జాన్ లాండీ.

మైలు దూరమును నాలుగు నిమిషములలోపు పరుగెత్తుట మానవసాధ్యము కాదని చాలమంది తలంచుచుండిరి. 1954 మే 6న ఇంగ్లండులో రోజర్ బానిస్టర్ దానిని సాధించెను. ఆ తరువాత 46 దినములకు లాండీ అంతకంటెను తక్కువ కాలములో పరుగెత్తి ప్రపంచ రికార్డు స్థాపించెను. 1956 మార్చిలో మెల్బోర్న్ నగరమున ఆస్ట్రేలియా జాతీయ పోటీలు జరిగెను. మైలు పరుగులో లాండీతోపాటు రాన్ క్లార్క్ అను 19 ఏండ్ల యువకుడును పాల్గొనెను. లాండీ రికార్డును మరల మెరుగుపరచునని ప్రజలు ఎదురుచూచుచుండిరి.

మూడవ చుట్టులో క్లార్క్ కాలు తడబడి బాటపై పడిపోయెను. వెనుక వచ్చుచున్న లాండీ అతనిని దాటుటకై దుమికెను. ఆ దుముకులో అతని చెప్పు మేకులు క్లార్క్ చేతిని గీచెను. లాండీ ఆగిపోయెను. మిగిలినవారు ముందునకు సాగిపోవుచుండగా అతడు వెనుకకు తిరిగి వచ్చి, క్లార్క్‌ను లేవదీసి, క్షమింపుమని కోరెను. క్లార్క్ తనకేమియు కాలేదని, పరుగెత్తుమని అతనిని తొందరపెట్టెను. ఇరువురును మరల పరుగు ప్రారంభించిరి. అప్పటికి ఇతరులు చాల దూరము పోయియుండిరి. అయినను లాండీ అందరిని దాటి 4 నిమిషముల 4.2 సెకండ్లలో పందెము గెలిచెను. రికార్డు మాత్రము రాలేదు.

లాండీ 1954లో స్థాపించిన ప్రపంచ రికార్డును 1957లో మరియొకడు చెరిపివేసెను. రికార్డుల స్వభావము అట్టిది. కాని ఆతడు వెనుకకు తిరిగి వచ్చి క్లార్క్‌ను లేవదీసిన దృశ్యమును మెల్బోర్న్‌లో కంచు విగ్రహముగా నిలిపిరి. ఆ క్లార్క్ తరువాత గొప్ప పరుగుగాడై అనేక ప్రపంచ రికార్డులు స్థాపించెను.

మన చేతిలోనున్నది ఎంత?

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. విశ్వనాథ్, వాల్ష్, లాండీ అట్లు చేయుటకు నిజముగా స్వేచ్ఛ కలవారేనా? మా తరగతిలో ఒక మిత్రుడు ఈ విధముగా వాదించెను: "వారి స్వభావము అట్టిది, పెంపకము అట్టిది. కనుక అట్లు చేసిరి. నా స్వభావము వేరు, నేను వేరుగా చేయుదును. ఇందులో పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు."

ఈ వాదము క్రొత్తది కాదు. దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా యన్న ప్రశ్న మహాభారతములోనే కలదు. పురుషకారమనగా మనుష్యుడు తన పూనికతో చేయు ప్రయత్నము. అనుశాసనిక పర్వమున ధర్మరాజు ఈ సందేహమునే భీష్ముని ముందుంచెను. అచ్చటి సమాధానములో దైవమును విత్తనముతోను, పురుషకారమును పొలముతోను పోల్చిరి. దున్నని పొలములో విత్తనము ఫలింపదు. ఈ పోలిక మా జిల్లా రైతు బిడ్డలకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. నల్లరేగడి భూమిలో జొన్నయో, ప్రత్తియో వేసిన మా తండ్రి వానను తెప్పింపలేడు. కాని వాన వచ్చునాటికి పొలము దున్ని సిద్ధముగా నుంచుట ఆయన పని. వాన రాలేదని ఆయనను ఎవరును నిందింపరు. దున్నకపోయినచో ఊరంతయు నిందించును. ఏది మన చేతిలోనున్నదో ఊరివారికి బాగుగా తెలియును.

ఆటయు అట్టిదే. మన బలము, ఎదుటివాని బలము, ఎండ, గాలి, అంపైరు చూపు - ఇవియేవియు మన చేతిలో లేవు. వీనినన్నిటిని తీసివేయగా మిగిలినది కొంచెమే. కాని ఆ కొంచెమును మరియొకడు మనకై చేయలేడు. టేలర్‌ను పిలుచు అధికారము ఆ దినమున ఆ మైదానములో విశ్వనాథ్ ఒక్కనికే ఉండెను. పిలువకుండుటకును అధికారముండెను. పిలువకున్నను ఎవరును తప్పు పట్టియుండరు. అంపైరు స్వయముగా ఔటని చెప్పెను గదా! పిలువకుండుటకు వీలుండియు పిలిచెను గనుకనే దానిని మనము దయ యనుచున్నాము. నియమము బలవంతపెట్టినచో అది దయ కాకపోవును.

మరి లాండీ సంగతి యేమి? అతనికి ఆలోచించు వ్యవధియే లేదు. ఆలోచింపక చేసిన పనిని స్వేచ్ఛ యనవచ్చునా? దీనికి నాకు తోచిన సమాధానము ఇది. గాలిలో దూసుకొనివచ్చు బంతిని పట్టువాడు ఆ క్షణమున లెక్కలు వేసికొనడు. చేయి తనంతతానే పోవును. అట్లని అది విధివశమున జరిగినదందుమా? కాదు, ఎన్ని ఉదయములు అతడు నిద్ర మాని మైదానమునకు పోయెనో, ఆ ఉదయముల ఫలమది. దయయు అట్లే. ఎవరును చూడని చిన్న చిన్న సందర్భములలో మనము ఎట్లు నడుచుకొందుమో, పెద్ద సందర్భమున మన కాలు అటే నడుచును. స్వభావము మనలను నడుపునని నా మిత్రుడనిన మాట కొంత నిజమే. కాని ఆ స్వభావమును దినదినము కట్టుకొనువారము మనమే.

భారతములో దీనికి వ్యతిరేకమైన ఉదాహరణమును చూడుడు. మొదటి జూదములో ధర్మరాజు సర్వస్వమును ఓడెను. ధృతరాష్ట్రుడు దయదలచి అంతయు తిరిగి ఇచ్చెను. ఇంటిదారి పట్టిన ధర్మరాజును మరల జూదమునకు పిలిచిరి. కీడు కలుగునని తెలిసియు అతడు వెళ్ళెను. విధిని తప్పింపలేమని తలంచెను. పెద్దతండ్రి ఆజ్ఞ దాటరాదనెను. ఫలితముగా 12 ఏండ్ల అరణ్యవాసము, ఒక ఏడు అజ్ఞాతవాసము ప్రాప్తించెను. మొదటిసారి ఓడిపోవుట దైవమన్నను అనవచ్చునేమో. రెండవసారి పాచికల ముందు కూర్చుండుట మాత్రము దైవము కాదు. విధి యను మాట మనలో చాలమందికి దొరకిన మంచి సాకు.

విషాదాంతము మనకు చెప్పునదేమి?

చేయవలసిన క్షణము దాటిపోయిన పిమ్మట ఏమగునో చూపునట్టి నాటకమును విషాదాంతమందురు. గ్రీకు దేశమున ఇట్టి నాటకములు రెండువేల నాలుగు వందల ఏండ్లకు పూర్వమే ఉత్కృష్ట స్థితినందెను. వాని లక్షణములను వివరించిన అరిస్టాటిల్, విషాదాంత నాయకుడు దుర్మార్గుడు కారాదనియు, ఏదో ఒక పొరపాటువలన పతనమగువాడు కావలెననియు చెప్పెను. అట్టివానిని చూచి మనకు జాలియు, భయమును కలుగును. అతడు మనవంటివాడు గనుక జాలి. మనమును అట్లే చేయుదుమేమో యని భయము.

సంస్కృత నాటకములు సామాన్యముగా మంగళాంతములు. అయినను భాసుని పేర వెలసిన "ఊరుభంగము" దుర్యోధనుని మరణముతో ముగియును. గదాయుద్ధములో నాభికి క్రింద కొట్టరాదని నియమము. భీముడు ఆ నియమమును మీరి దుర్యోధనుని తొడలు విరుగగొట్టెను. శిష్యునికి జరిగిన అన్యాయము చూచి బలరాముడు మండిపడెను. అప్పుడు ఆ దుర్యోధనుడే, జీవితమంతయు పగతో గడపినవాడే, ఇక పగ వలదని గురువును శాంతింపజేయును. అతని చిన్నకుమారుడు దుర్జయుడు వచ్చి అలవాటు చొప్పున తండ్రి తొడపై కూర్చుండబోవును. తండ్రి వలదని వారింపవలసివచ్చును. నిండుసభలో ద్రౌపదిని అవమానించుటకు చూపిన తొడ తన బిడ్డ కూర్చుండుటకు పనికిరాకపోయెను. అతనికి మంచితనము వచ్చెను గాని గడువు దాటిన పిమ్మట వచ్చెను.

తెలుగున విషాదాంత నాటకము ఎక్కడ పుట్టినదో మన పాఠశాల విద్యార్థులు తప్పక తెలిసికొనవలెను. అది పుట్టినది మన బళ్ళారిలోనే. "ఆంధ్ర నాటక పితామహు"డని పేరుగాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) బళ్ళారిలో న్యాయవాదిగా నుండి, సరస వినోదినీ సభను స్థాపించి, అనేక నాటకములు వ్రాసి ఆడించిరి. ప్రఖ్యాత నటులైన బళ్ళారి రాఘవగారు వారి మేనల్లుడే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. ఎల్లలు మారినను ఆ నాటకము మన వారసత్వమే. వారి "విషాద సారంగధర" తెలుగులో తొలి విషాదాంత నాటకమని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు.

సారంగధరుని కథ ఆటతోనే ఆరంభమగును. ఏ రాజు కోరగా నన్నయభట్టు భారతమును తెనిగింప బూనెనో, ఆ రాజరాజ నరేంద్రుని కుమారుడని సారంగధరుని కథలో చెప్పుదురు. ఇది చరిత్ర కాదు, కథ. రాకుమారుడు పావురములతో ఆడుకొనుచుండగా, అతని పావురము ఎగిరిపోయి సవతితల్లియైన చిత్రాంగి మేడపై వ్రాలెను. మిత్రుడు వారించినను సారంగధరుడు దానికై లోనికి పోయెను. చిత్రాంగి అధర్మమైన కోరికను వెల్లడించెను. అతడు తల్లీ యని నమస్కరించి తిరస్కరించెను. కోపించిన చిత్రాంగి రాజుతో అబద్ధము చెప్పెను. రాజు విచారణ చేయక కొడుకు కాలుసేతులు నరికింపుడని ఆజ్ఞాపించెను. పూర్వకథలో ఒక సిద్ధుని మహిమవలన అతని అవయవములు మరల వచ్చినవందురు. రామకృష్ణమాచార్యులుగారు ఆ ఊరటను విడిచి, కథను దుఃఖముతోనే ముగించిరి.

ఈ కథలో విధి చేసినది పావురమును ఎగురవేయుట మాత్రమే. తక్కినదంతయు మనుష్యులు చేసినదే. లోనికి పోవుట ఒకరి పని. అబద్ధమాడుట మరియొకరి పని. విచారింపక ఆజ్ఞ ఇచ్చుట ఇంకొకరి పని. ప్రతి అడుగున వెనుకకు తిరుగుటకు దారి కలదు. రాజు ఒక్క పూట ఆగినను చాలును. తలారులు వాకిలి దాటకముందు "ఆగుడు" అని పిలిచినను చాలును. విశ్వనాథ్ మైదానములో పిలిచినది ఆ పిలుపే. ఆ రాజు పిలువలేదు. నిజము తెలిసి పిలువగోరునప్పటికి గడువు దాటిపోయెను. ఆటకును విషాదమునకును భేదము ఇంతమాత్రమే యని నాకు తోచును.

మరియొక సంగతియు కలదు. సారంగధరుడు ధర్మమునే ఆచరించెను, అయినను శిక్షననుభవించెను. విశ్వనాథ్ దయనే చూపెను, అయినను ఓడిపోయెను. మంచి చేసినవానికి వెంటనే మేలు జరుగునని చెప్పువారు పిల్లలను మోసగించుచున్నారు. అట్లయిన మంచి ఎందుకు చేయవలెను? నాటకము చూచువారినే అడుగుడు. ఆ కథలో అధికారము రాజుది, మాట నెగ్గినది చిత్రాంగిది. అయినను ఆ రాజుగా నుండగోరువాడు సభలో ఒక్కడును ఉండడు. అందరి కన్నీరును సారంగధరునికే.

నా మడమ సంగతి

ఇక నా మాట చెప్పెదను. గత సంవత్సరము కొన్ని పాఠశాలలకు చెడుగుడు పోటీలు జరిగెను. చివరి ఆటలో మా జట్టును, ఒక కన్నడ పాఠశాల జట్టును తలపడెను. మేము ఒక్క పాయింటు ముందుంటిమి. చివరి కూతకు వారి కుర్రవాడు వచ్చెను. నేను వెనుకకు జరుగుచుండగా అతని వ్రేళ్ళు నా మడమను తాకెను. అతడు గీత చేరి చేయెత్తి చూపెను. అంపైరు మరియొక వైపు చూచుచుండెను గాబోలు, తాకలేదని తల యూపెను. తాకిన సంగతి అతనికి తెలియును, నాకు తెలియును, మూడవవానికి తెలియదు. అతడు వాదింపలేదు. నావైపు ఒక్కసారి చూచెను. నేను చేయెత్తినచో ఇరువురి పాయింట్లును సమానమై, మరికొంతసేపు ఆడవలసివచ్చెడిది. నేను తలవంచుకొని నేలను చూచుచుంటిని. ఈల మ్రోగెను. మావాండ్రు నన్ను భుజములపై ఎత్తుకొనిరి.

బహుమానముగా ఒక్కొక్కరికి ఒక స్టీలు గ్లాసు ఇచ్చిరి. మా అమ్మ దానిని తోమి అరుగుపై అందరికి చూపి, ఆ సాయంకాలము దానితోనే మజ్జిగ ఇచ్చెను. నేను త్రాగలేకపోయితిని. ఆటలో ఇట్టివి సహజములని నాకు నేను చెప్పుకొంటిని. అంపైరు నిర్ణయమే నిర్ణయమంటిని. అతని అదృష్టము అంతేనని కూడ అనుకొంటిని. ధర్మరాజు చెప్పిన సాకులే నేనును చెప్పుకొంటినని తరువాత తెలిసెను.

పదునైదు దినములు గడచిన పిమ్మట నాన్నగారితో చెప్పితిని. ఆయన కోపింపలేదు. "ఆ అబ్బాయి ఊరు ఇక్కడికి ఎంత దూరము?" అని మాత్రము అడిగెను. ఆదివారమునాడు సైకిలుపై పోయితిని. ఆ కుర్రవాడు ఇంటిముందు ఎద్దులకు నీరు పెట్టుచుండెను. మా ఊళ్ళలో రెండు భాషలును అందరికి వచ్చును గనుక మాటకు కొదువలేదు. కాని నాకే మాట రాలేదు. చివరకు చెప్పితిని. అతడు కన్నడములో అనిన మాట తెలుగున ఇది: "ఆ రోజు నీవు చేయెత్తుదువేమోనని చూచితిని. ఎత్తలేదు. సరే, ఇప్పుడు వచ్చితివి గదా, కూర్చుండుము." వాండ్ల అమ్మ మాకిరువురకును జొన్నరొట్టె పెట్టెను.

ఫలితము మారలేదు. పోటీల పుస్తకములో మా పాఠశాల పేరే ఉన్నది. నేను చేయెత్తవలసిన క్షణము ఒక్కటే, అది పోయినది. ఆ ఆదివారము నాడు నేను చేసినది క్షమాపణము మాత్రమే. అది దయ కాదు. ఈ భేదము నాకు తెలియుచున్నది. ఆ గ్లాసు నేటికిని మా ఇంటనున్నది. దానితో మజ్జిగ త్రాగుచున్నాను. అది నేను గెలిచినదని మాత్రము ఎవరికిని చెప్పుట లేదు.

ముగింపు

సోదర విద్యార్థులారా! మనలో విశ్వనాథ్ వంటి నాయకులు, లాండీ వంటి పరుగుగాండ్రు ఎందరగుదురో చెప్పలేము. కాని చేయెత్తవలసిన క్షణము ప్రతివానికిని వచ్చును. అది ఆటలోనే రావలెనని లేదు. పరీక్షలో రావచ్చును, అంగడిలో చిల్లర లెక్కించునప్పుడు రావచ్చును, మన తప్పునకు మరియొకడు దెబ్బలు తినునప్పుడు రావచ్చును. ఆ క్షణము గంట కొట్టి రాదు. వచ్చినప్పుడు ఆలోచించుటకు వ్యవధియు ఉండదు. కనుక ఇప్పటినుండియే, ఎవరును చూడని చిన్న ఆటలలోనే, ఆ చేయిని అలవాటు చేసికొందము. చెడుగుడు బరి అందుకు మంచి చోటు. అక్కడ తప్పినను కాలుసేతులు పోవు; ఒక పాయింటు పోవును.

తల్లిదండ్రులకు ఒక చిన్న విన్నపము. పిల్లలు మైదానమునుండి ఇంటికి వచ్చినప్పుడు "గెలిచితివా?" అని అడుగుదురు. అది సహజమే, అడుగుడు. దానితోపాటు "ఓడినవాడు ఎవరు? వాని ఊరేది?" అని కూడ ఒక్కమాట అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసియుండునని తెలిసిన పిల్లవాడు, బరిలోనున్నప్పుడే ఎదుటివాని ముఖమును చూచును.